మాసీ 35 మూడు సిలిండర్ల ఇంజిన్: వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, ఎక్కడి నుంచి వెతకాలి?

#1 పాత_మాసీ

అందరికీ నమస్కారం. నా దగ్గర 1960ల నాటి మాసీ ఫెర్గూసన్ 35 ఉంది. డీజిల్ బండి, పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజిన్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఆయిల్ గేజ్ ముల్లు 45 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా లేస్తుంది. అరగంట పని చేసి ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెడితే ముల్లు సున్నా దగ్గరికి దిగిపోతోంది. రేసు పెంచితే 12 వరకు వస్తుంది. ఆపైన ఎంత పెంచినా కదలదు.

ఇంజిన్‌లో కొట్టుకునే చప్పుడు ఏమీ లేదు. పొగ కూడా మామూలే. ఆయిల్ 15డబ్ల్యూ-40 వాడుతున్నాను, ఫిల్టర్ ఈ సీజన్‌లోనే మార్చాను. బేరింగులు పోయాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంజిన్ మొత్తం విప్పే ముందు కారణం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఈ బండిని నడిచే స్థితిలో నిలబెట్టుకోవాలన్నదే నా ఆశ.

#2 డీజిల్_మేస్త్రి

ముందు ఒక మాట. కారణం తేలేదాకా ఆ ఇంజిన్ మీద లోడు పెట్టకండి. పరీక్ష కోసం కాసేపు తిప్పితే ఫర్వాలేదు, దుక్కికి మాత్రం తీసుకెళ్లొద్దు.

మాసీ 35 లో తొలి డీజిల్ బళ్లకు స్టాండర్డ్ 23సి నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. 1959 చివర్లో పెర్కిన్స్ 3.152 వచ్చింది. మీది రెండోది. దీనికి ఇంజిన్ వేడిగా ఉండి పూర్తి వేగంలో తిరుగుతున్నప్పుడు 30 నుంచి 60 పిఎస్ఐ ఉండాలి. మీ 12 దానికి చాలా దూరం. కానీ ఆ 12 నిజంగా 12 యేనా అన్నది ఇంకా మనకు తెలియదు.

డ్యాష్‌బోర్డు మీది గేజ్ లోపల వంకర తిరిగిన చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. ప్రెషర్ పెరిగితే అది విచ్చుకుంటుంది, ఆ కదలిక ముల్లును తిప్పుతుంది. ఏళ్ల తరబడి అదురుకు దాని పళ్లు అరుగుతాయి, ముల్లు జారుతుంది, సన్నని రాగి పైపులో మడ్డి గడ్డకడుతుంది. అందుకే ముందు బ్లాక్ దగ్గర ఆ పైపు విప్పి, నమ్మకమైన మెకానికల్ గేజ్ ఒకటి నేరుగా బిగించండి. మూడు రీడింగులు కావాలి: చల్లగా స్టార్ట్ చేసిన వెంటనే, బాగా వేడెక్కాక 2000 ఆర్‌పిఎం దగ్గర, అదే వేడిలో ఐడ్లింగ్‌లో. రేసు మెల్లగా పెంచేటప్పుడు ముల్లు నిలకడగా లేస్తోందా, వణుకుతోందా అన్నది కూడా రాయండి.

డిప్‌స్టిక్ చూసి ఆయిల్ ఏ గీత దగ్గరుందో చెప్పండి. తక్కువుందా అని మాత్రమే కాదు, ఎక్కువుందా అని కూడా చూడండి.

#3 చిన్న_ట్రాక్టర్

అన్నా, ఇంత దూరం వెళ్లే ముందు 20డబ్ల్యూ-50 పోసి చూడు. పాత ఇంజిన్లకు చిక్కటి ఆయిలే మంచిది. ఇంకోటి, రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ వెనక ఒక వాషర్ వేస్తే ప్రెషర్ లేస్తుందంటారు. నా బండికి వేశాను. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగా పెరిగింది, వేడెక్కాక మాత్రం పెద్దగా తేడా రాలేదు. అది ఎందుకో ఇక్కడ తెలిసినవాళ్లు చెబితే నాకూ పనికొస్తుంది.

#4 ఆయిల్_లెక్కలు

చిన్న_ట్రాక్టర్ గారి ప్రశ్నలోనే అసలు విషయం ఉంది, కాస్త వివరంగా చెబుతాను.

ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేయదు. అది ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటికి పోవడానికి పడే కష్టమే గేజ్ మీద ప్రెషర్‌గా కనిపిస్తుంది. నీళ్ల పైపుకు దారిలో చిల్లులు పడితే చివర ధార తగ్గినట్టే, ఎక్కడ సందు పెరిగినా మొత్తం ప్రెషర్ తగ్గుతుంది.

రిలీఫ్ వాల్వ్ పని వేరే. ప్రెషర్ ఒక హద్దు దాటితే తెరుచుకుని, మిగులు ఆయిల్‌ను తిరిగి సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి వదులుతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అప్పుడు ప్రెషర్ ఆ హద్దును తాకుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. స్ప్రింగ్ వెనక వాషర్ వేస్తే పెరిగేది ఆ హద్దు ఒక్కటే. వేడిలో, ఐడ్లింగ్‌లో 10 పిఎస్ఐ ఉన్నప్పుడు ఆ వాల్వ్ అసలే మూసుకుని ఉంది. మూసి ఉన్న తలుపును ఇంకా గట్టిగా నొక్కితే ఆయిల్‌కు వచ్చేదేమీ లేదు. పైగా చల్లటి ఇంజిన్‌లో ప్రెషర్ హద్దు మీరితే ఫిల్టర్ సీలు, పంపు గేర్ల మీద అనవసరపు భారం. కాబట్టి ఆ వాషర్ తీసేయమనే నా సలహా.

వాల్వ్ మూసుకోకుండా ఇరుక్కుపోతే మాత్రం సంగతి వేరు. సీటు మీద చిన్న రజను పడ్డా, ప్లంజర్ తుప్పుతో పట్టేసినా, స్ప్రింగ్ విరిగినా ఆయిల్ ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. కానీ అప్పుడు చల్లగా ఉన్నప్పుడు కూడా ప్రెషర్ తక్కువే చూపిస్తుంది. పాత_మాసీ గారి బండి చల్లగా 45 చూపిస్తోంది కాబట్టి నా అనుమానం అటు పోవడం లేదు.

ఇక చిక్కదనం. 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 14 సెంటీస్టోక్స్ ఉంటుంది, 40 డిగ్రీల దగ్గర వందకు పైనే. అంటే వేడెక్కేసరికి ఏడెనిమిది రెట్లు పల్చబడుతుంది. 50 గ్రేడు ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. దాన్ని పోస్తే గేజ్ కొంచెం లేస్తుంది, నిజమే. సందు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఆ సందు విషయంలో గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది: బేరింగు నుంచి కారే ఆయిల్ సందు ఘనంతో పెరుగుతుంది. రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సందు నాలుగు థౌ అయితే కారడం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. మూడు సిలిండర్లలో ఒక్క బిగ్ ఎండ్ (పిస్టన్ రాడ్డు క్రాంకు షాఫ్ట్‌ను పట్టుకునే చోటి బేరింగు) అరిగినా మొత్తం గేజ్ ఎందుకు కుప్పకూలుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

#5 డీజిల్_మేస్త్రి

చక్కగా చెప్పారు. ముల్లు తీరును బట్టి నేను పనిచేసేటప్పుడు ఎలా అంచనా వేస్తానో కూడా రాస్తాను.

చల్లగా బాగుండి వేడిలో పడిపోతే ఆయిల్ పల్చబడడం, బేరింగు సందు, పంపు అరుగుదల, ఈ మూడింట్లో ఏదో ఒకటి. రెండూ కలిసినా కలవొచ్చు. చల్లగానూ వేడిగానూ ఒకేలా తక్కువుంటే రిలీఫ్ వాల్వ్, లేదా గేజే. రేసు పెంచేకొద్దీ కొంతదాకా లేచి, ఇంకా పెంచితే తిరిగి పడిపోతే పంపుకు ఆయిల్ అందడం లేదని అర్థం, స్ట్రెయినర్ (పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జాలీ) మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. ముల్లు వణుకుతూ ఉంటే పంపు గాలి పీలుస్తోంది: సంప్‌లో ఆయిల్ తక్కువ కావచ్చు, సక్షన్ పైపు పగిలి ఉండొచ్చు, లేదా దాని జాయింట్ వదులై ఉండొచ్చు. గట్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే పడిపోతే అదీ అలాంటిదే.

ఇంజిన్ రీబిల్డ్ అయిన వెంటనే మొదలైన సమస్య అయితే నేను ఇవేవీ చూడను, ముందు ఆయిల్ గ్యాలరీ (బ్లాక్ లోపల ఆయిల్ పారే దారి) ప్లగ్గులు అన్నీ తిరిగి పెట్టారా అని చూస్తాను. టైమింగ్ కవర్ వెనక ఒక్క ప్లగ్గు మరిచినా కొత్త బేరింగుల ఇంజిన్ కూడా ప్రెషర్ పట్టదు.

#6 రెండు_సిలిండర్లు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నా దగ్గర పాత జాన్ డీర్ మోడల్ బి ఉంది. వేడిలో 12 పిఎస్ఐ దగ్గర నిలుస్తుంది. ఈ చర్చ చదువుతుంటే కంగారుగా ఉంది.

#7 డీజిల్_మేస్త్రి

కంగారు పడకండి. ఆ రెండు సిలిండర్ల జాన్ డీర్ ఇంజిన్లకు 10 నుంచి 15 పిఎస్ఐ మామూలే. అవి నెమ్మదిగా తిరిగే పెద్ద ఇంజిన్లు, తక్కువ ప్రెషర్‌కే తయారు చేశారు. అంతకంటే పాత ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్‌లో అయితే ఆయిల్ పంపే లేదు, తిరిగే భాగాలు ఆయిల్‌ను చిందించుకుంటూ తడుపుకునేవి. అందుకే ఒక ఇంజిన్ అంకెను ఇంకో ఇంజిన్‌కు పెట్టి చూడకూడదు. మీ బండి మాన్యువల్ ఏం చెబుతుందో అదే కొలత.

#8 పాత_మాసీ

వేరే గేజ్ బ్లాక్‌కు నేరుగా పెట్టి చూశాను. రీడింగులు ఇవి.

చల్లగా 50.
వేడిగా 2000 ఆర్‌పిఎం దగ్గర 18.
వేడిగా ఐడ్లింగ్‌లో 6.

ముల్లు వణకలేదు. రేసుతో పాటు మెల్లగా లేచింది, ఎక్కడా తిరిగి పడలేదు. డ్యాష్‌బోర్డు గేజ్ ఐదారు పిఎస్ఐ తక్కువ చూపిస్తోందని తేలింది. కానీ 18 కూడా తక్కువే కదా.

డిప్‌స్టిక్ విషయం మేస్త్రి గారు ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది. ఆయిల్ పై గీత కంటే వేలు మందం పైనే ఉంది. పోసినప్పుడు గీత దగ్గరే ఆపాను. వాసన చూస్తే డీజిల్ వాసన వస్తోంది.

#9 డీజిల్_మేస్త్రి

అనుకున్నదే. వాడకంలో ఆయిల్ తగ్గాలి గానీ పెరగకూడదు. పెరిగిందంటే డీజిలో, నీళ్లో కలుస్తున్నాయి. నీళ్లు కలిస్తే ఆయిల్ పాల రంగుకు తిరుగుతుంది, ఫిల్లర్ మూత లోపల తెల్లటి నురగ పడుతుంది. మీకు వాసన డీజిల్‌ది కాబట్టి డీజిలే.

ఒక చుక్క ఆయిల్‌ను మందపాటి పీల్చుడు కాగితం మీద వేసి కొన్ని గంటలు వదిలేయండి. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ దూరంగా పాకిన లేత వలయం కనిపిస్తే డీజిల్ కలిసినట్టే. కచ్చితమైన పరీక్ష కాదు, వాసనతో కలిపి చూస్తే సరిపోతుంది.

డీజిల్ వచ్చే దారులు ప్రధానంగా మూడు. మొదటిది ఫీడ్ పంపు. ఇంజిన్ పక్కన బిగించి ఉంటుంది, క్యామ్ షాఫ్ట్ దాన్ని తోస్తుంది. లోపలి డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ నేరుగా సంప్‌లోకి పోతుంది. నాకు ఎక్కువగా తగిలేది ఇదే. రెండోది ఇంజెక్షన్ పంపు షాఫ్ట్ సీలు. మూడోది కారే ఇంజెక్టర్. అది సిలిండర్‌లోకి డీజిల్‌ను సరిగా చిమ్మకుండా ధారగా వదిలితే మండని డీజిల్ రింగులు దాటి కిందికి దిగుతుంది. కానీ ఇంజెక్టర్ అయితే పొగ, మిస్ ఫైర్, స్టార్టింగ్ కష్టం కనిపిస్తాయి. మీకు పొగ మామూలే అన్నారు.

ఫీడ్ పంపు విప్పి, ఇన్‌లెట్ వైపు డీజిల్ పైపు అలాగే ఉంచి, చేతి మీటతో కొట్టి చూడండి. కింద క్యామ్ మీట ఉన్న వైపు నుంచి డీజిల్ కారితే డయాఫ్రమ్ పోయినట్టే.

#10 ఆయిల్_లెక్కలు

ఒక అంకె చెబుతాను. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మాత్రమే. అదే వేడిలో ఆయిల్ వందకు పైన. అందుకే కొద్ది శాతం డీజిల్ కలిసినా ఆయిల్ ఒక గ్రేడు కిందికి జారిపోతుంది. 40 గ్రేడు అనుకుని నడుపుతున్నది నిజానికి 30 గ్రేడు, ఒక్కోసారి అంతకంటే పల్చనిది. ఆ పల్చటి పొర లోడు కింద తెగిపోతుంది, బేరింగు లోహం క్రాంకును తాకుతుంది. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. డీజిల్ కలిసిన ఆయిల్‌తో ఎంతకాలం నడిచిందో మనకు తెలియదు, ఆ కాలంలో బేరింగులు ఏమయ్యాయో చూడాల్సిందే.

#11 పాత_మాసీ

డయాఫ్రమ్ అంచు దగ్గర సన్నగా చిరిగి ఉంది. మీట కొట్టగానే కింది నుంచి డీజిల్ కారింది. పంపు మార్చాను, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేశాను. అదే 15డబ్ల్యూ-40.

ఇప్పుడు వేడిగా 2000 దగ్గర 25, ఐడ్లింగ్‌లో 10. చల్లగా 52.

చాలా మెరుగు పడింది. ఆయిల్ మట్టం కూడా ఇప్పుడు పెరగడం లేదు. ఇక్కడితో ఆపేయవచ్చా?

#12 చిన్న_ట్రాక్టర్

నాకైతే చాలనిపిస్తుంది. ప్రతి వెయ్యి ఆర్‌పిఎంకు 10 పిఎస్ఐ ఉంటే చాలని అంటారు కదా. 2000 దగ్గర 25 అంటే ఆ లెక్కకు పైనే ఉంది. ఏడాదికోసారి పని చేసే బండికి ఇంజిన్ విప్పడం దేనికి?

#13 ఆయిల్_లెక్కలు

ఆ వెయ్యికి 10 అనేది ఏ ఇంజిన్ గురించీ ఏమీ తెలియనప్పుడు వాడే మోటు లెక్క. ఈ ఇంజిన్‌కు మాన్యువల్ అంకె ఉంది. కనీసం 30. కాబట్టి 25 తక్కువే. బండి రేపే ఆగిపోతుందని కాదు. అయితే ఆయిల్ మార్చినా మిగిలిన లోటు ఆయిల్‌ది కాదు, లోహానిది. అది దానంతట అది తగ్గదు.

విప్పాలా వద్దా అని తేల్చుకోవడానికి ఖర్చు లేని దారి ఒకటుంది. తీసేసిన పాత ఫిల్టర్‌ను పారేయలేదు కదా? దాని కాగితాన్ని కోసి, మడతలు విప్పి, ఎండలో పెట్టి చూడండి. మెరిసే పొట్టు కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లండి. అంటుకుంటే ఇనుము: రింగులు, లైనర్లు, గేర్లు, క్యామ్. అంటుకోకుండా వెండి రంగులోనో రాగి రంగులోనో ఉంటే బేరింగు లోహం. వెండి రంగు పై పొర, రాగి రంగు దాని కింది పొర. రాగి రంగు కనబడిందంటే పై పొర అరిగిపోయిందన్నమాట.

#14 పాత_మాసీ

ఫిల్టర్ కోశాను. ఇసుక రేణువుల్లాంటి మెరుపు చాలా ఉంది. ఎక్కువ భాగం అయస్కాంతానికి అంటలేదు. కొన్ని రాగి రంగులో ఉన్నాయి. సంప్ దింపుతాను. ఏ వరుసలో చూడాలో చెబితే ఒక్కసారి విప్పినప్పుడే అన్నీ చూసుకుంటాను.

#15 డీజిల్_మేస్త్రి

సరైన నిర్ణయం. ముందు జాగ్రత్త సంగతి. ఇలాంటి పాత ట్రాక్టర్లలో సంప్ పోత ఇనుముతో చేసింది, చాలా బరువు. కొన్ని మోడళ్లలో ముందు ఇరుసుకూ గేర్ బాక్స్‌కూ మధ్య బరువు మోసేది అదే. మీ బండిలో ఏ బోల్టు ఏం మోస్తుందో మాన్యువల్‌లో చూసుకోకుండా ఒక్కటీ విప్పకండి. వెనక చక్రాలకు చెక్కలు పెట్టండి, బెల్ హౌసింగ్ కింద గట్టి స్టాండు పెట్టండి, ముందు ఇరుసు ఊగకుండా రెండు వైపులా చెక్క చీలికలు బిగించండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. సంప్‌ను దింపడానికి కింద ఇంకో జాకీ, పక్కన ఇంకో మనిషి కావాలి.

దిగాక, ఏదీ కడగకముందే అడుగున ఏముందో చూడండి. తర్వాత స్ట్రెయినర్, సక్షన్ పైపు. పైపును ఆయిల్‌తో తడిపి వేలితో ఒక వైపు మూసి ఊదితే పగుళ్లు దొరికిపోతాయి. ఆ తర్వాత రిలీఫ్ వాల్వ్ ప్లంజర్ బయటికి తీసి, వేలితో తోస్తే బోరులో సులువుగా జారుతోందా, స్ప్రింగ్ నిటారుగా ఉందా చూడండి. పంపు ఆఖరున.

బిగ్ ఎండ్ మూతలు తీసేముందు ప్రతి దానికీ ఏ సిలిండర్, ఏ వైపు అని గుర్తులు పెట్టండి. మూతలు, రాడ్లు కలిపి బోరు వేసినవి, ఒకదాన్ని ఇంకో దానికి పెట్టకూడదు.

#16 లేత్_పని

మూతలు తీసే ముందు ఇంకో పరీక్ష చేయమంటాను. చిన్న ట్యాంకులో ఆయిల్ పోసి, దానిపైన 25, 30 పిఎస్ఐ గాలి పెట్టి, ఆయిల్ గేజ్ రంధ్రం నుంచి గ్యాలరీలోకి పంపండి. పంపు పోర్టు మూయాలి, లేకపోతే అటే కారిపోతుంది. ఇప్పుడు కింది నుంచి ప్రతి బేరింగునూ చూడండి. మంచి బేరింగు నుంచి నిమిషానికి 20 నుంచి 150 చుక్కలు పడతాయి. అంతకంటే తక్కువైతే దారి మూసుకుపోయిందనో, సందు మరీ బిగువనో అర్థం. చుక్కలు కాకుండా ధారగా కారితే అరిగినట్టే. క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతూ చూడాలి, ఎందుకంటే జర్నల్‌లోని (బేరింగులో తిరిగే క్రాంకు భాగంలోని) ఆయిల్ రంధ్రం బ్లాక్ రంధ్రానికి ఎదురుగా వచ్చినప్పుడు కాసేపు ఎక్కువ కారుతుంది. క్యామ్ షాఫ్ట్ బేరింగులనూ మరిచిపోవద్దు. చాలామంది క్రాంకు వరకే చూసి ఆపేస్తారు. పైన రాకర్ షాఫ్ట్ అరిగినా ప్రెషర్ కొంత తినేస్తుంది.

ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. ఇంజిన్ తనకు తానుగా ఎక్కడ నొప్పి ఉందో చూపిస్తుంది.

#17 పాత_మాసీ

అన్నీ చేశాను. వరుసగా రాస్తున్నాను.

సంప్ అడుగున మడ్డి దట్టంగా ఉంది. స్ట్రెయినర్ జాలీ మీద మడ్డి మూడో వంతు పట్టేసింది గానీ మిగతా భాగం తెరిచే ఉంది. సక్షన్ పైపు బాగుంది, గాలి పీల్చడం లేదు. రిలీఫ్ వాల్వ్ ప్లంజర్ మీద ఒక సన్నని గీత ఉంది, కానీ బోరులో సులువుగా జారుతోంది. స్ప్రింగ్ నిటారుగా ఉంది.

గాలి పరీక్షలో మెయిన్ బేరింగులు (క్రాంకును బ్లాక్‌లో మోసేవి) నాలుగూ చుక్కలుగా కారాయి. ఒకటో, మూడో బిగ్ ఎండ్ కొంచెం జోరుగా కారాయి. రెండోది ధారే కట్టింది.

రెండో బిగ్ ఎండ్ షెల్ (బేరింగు లోపలి అరచుట్టు రేకు) మీద పైపొర సగం పోయి రాగి రంగు బయటపడింది. మిగతా రెండింట్లో గీతలు ఉన్నాయి, రాగి మాత్రం కనిపించలేదు. షెల్ వెనక 020 (20 థౌ తగ్గించిన క్రాంకుకు సరిపోయే సైజు) అని ఉంది, అంటే ఈ క్రాంకును ఇంతకు ముందే ఒకసారి గ్రైండ్ చేసినట్టుంది. రెండో పిన్‌ను (ఆ షెల్ లోపల తిరిగే క్రాంకు భాగాన్ని) మైక్రోమీటర్‌తో చూస్తే ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ రెండున్నర థౌ తేడా వచ్చింది. పంపు రోటర్ల పైన స్టీలు పట్టీ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే ఆరు థౌ దూరింది.

రెండో బిగ్ ఎండ్‌కు కొత్త షెల్ ఒక్కటి వేస్తే సరిపోతుందా?

#18 లేత్_పని

సరిపోదు. పిన్ గుండ్రంగా లేనప్పుడు కొత్త షెల్ వేస్తే ఒక వైపు బిగువు, ఒక వైపు వదులు. మీ పిన్ మొదటి వ్యాసం సుమారు 2.25 అంగుళాలు. ఆ సైజు జర్నల్‌కు సందు అంగుళానికి ఒక థౌ చొప్పున, అంటే రెండు థౌకు కాస్త పైన ఉండాలని మోటుగా అనుకుంటాం. పిన్ ఆకారమే రెండున్నర థౌ తప్పినప్పుడు ఇక సరైన సందు ఎక్కడి నుంచి వస్తుంది?

మూడు పిన్నులనూ 030 కు గ్రైండ్ చేయించి, మూడు రాడ్లకూ 030 షెల్స్ వేయండి. మెయిన్లు కొలతలో ఉంటే వాటిని ముట్టుకోవక్కర్లేదు, పిన్నులు వేరే, మెయిన్లు వేరే సైజులో ఉండడం మామూలే. అయితే మెయిన్లనూ ప్లాస్టిగేజ్‌తో (బేరింగు సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారంతో) ఒకసారి చూసి రాసుకోండి. ఎలాగూ క్రాంకు బయటికి వస్తోంది కాబట్టి వెనక సీలు కూడా మార్చేయండి, ఈ ఇంజిన్‌లో అది తాడు సీలు.

గ్రైండింగ్‌కు ఇచ్చేటప్పుడు రెండు సంగతులు గట్టిగా చెప్పండి. పిన్ పక్క గోడకు కలిసే మూల గుండ్రంగానే ఉండాలి, నిటారుగా కోస్తే క్రాంకు అక్కడే విరుగుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులు మెత్తగా చేయాలి. ఇంటికి తెచ్చాక క్రాంకులోని ఆయిల్ దారులన్నీ సన్నని బ్రష్షు, డీజిల్, గాలితో మీరే మళ్లీ కడగండి. గ్రైండింగ్ పొడి లోపల మిగిలితే కొత్త షెల్స్ మొదటి గంటలోనే పాడవుతాయి.

పంపు విషయం. రోటర్ల పైన సందు మూడు థౌ లోపు ఉండాలి, మీకు ఆరు ఉంది. రోటర్ల పళ్ల మధ్య, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య సందులు కూడా కొలవండి. అవి మాన్యువల్ హద్దులో ఉంటే బాడీ ముఖాన్ని మందపాటి అద్దం మీద పరిచిన సన్న ఎమరీ కాగితంతో రుద్ది మూడు థౌ దించవచ్చు. బాడీని ఎనిమిది ఆకారంలో తిప్పుతూ, తరచూ కొలుస్తూ చేయాలి. ఆ సందులు కూడా దాటి ఉంటే రుద్దడం వృథా, పంపు మార్చడమే.

#19 ఆయిల్_లెక్కలు

ఇప్పుడు మొత్తం కథ కలుస్తోంది. గేజ్ ఐదారు తినేసింది, డీజిల్ ఏడు తినేసింది, మిగిలింది రెండో బిగ్ ఎండ్, పంపు కలిసి తిన్నాయి. స్ట్రెయినర్ మడ్డి మాత్రం ఇందులో లేదని నా నమ్మకం, ఉండి ఉంటే పూర్తి రేసులో ముల్లు వెనక్కి పడేది. అయినా శుభ్రం చేయాల్సిందే.

ఒక ముఖ్యమైన మాట. సంప్‌లో అంత మడ్డి ఉంటే ఇంజిన్ లోపలి గోడలకు కూడా ఉంటుంది. ఫ్లషింగ్ ఆయిల్ పోసి కరిగిద్దామని అనుకోవద్దు. ఊడిన ముక్కలు కొత్త స్ట్రెయినర్‌ను మూసేస్తాయి. చేతికి అందినంత చెక్కతో గీకి, డీజిల్‌తో కడిగి, మిగతాది మామూలు ఆయిల్‌కే వదిలేసి మొదట్లో త్వరత్వరగా ఆయిల్ మార్చండి.

#20 చిన్న_ట్రాక్టర్

నా బండి సంప్ కూడా దింపుతున్నాను. వాషర్ తీసేశాను. చల్లగా 70 నుంచి 55 కు దిగింది, వేడిలో రీడింగు అంతే ఉంది, ఆయిల్_లెక్కలు గారు చెప్పినట్టే. లేత్_పని గారూ, ఆ గాలి పరీక్షకు ట్యాంకు బదులు ప్రెషర్ స్ప్రేయర్ వాడొచ్చా?

#21 లేత్_పని

చేతి పంపుతో 25 పిఎస్ఐ నిలకడగా పట్టేదైతే వాడొచ్చు. ఆయిల్ పల్చటిది వాడండి, మూత మీద రాసిన ప్రెషర్ హద్దు దాటొద్దు. పరీక్ష మధ్యలో ప్రెషర్ పడకుండా ఎవరైనా పంపు కొడుతూ ఉండాలి, లేదంటే మొదటి బేరింగు లెక్కకూ చివరి దాని లెక్కకూ పొంతన కుదరదు.

#22 పాత_మాసీ

పని పూర్తయింది. పిన్నులు 030 కు గ్రైండ్ అయ్యాయి. ప్లాస్టిగేజ్ మూడింటి దగ్గరా రెండు, రెండున్నర థౌ మధ్య చూపించింది. పంపు మిగతా సందులు హద్దులోనే ఉన్నాయి, ముఖం రుద్దితే రెండున్నర థౌకు వచ్చింది. మేస్త్రి గారు ఫోన్‌లో చెప్పినట్టు బిగించే ముందు పంపు నిండా ఆయిల్ నింపాను, ఫిల్టర్‌లో కూడా పోశాను. స్టాప్ నాబ్ లాగి ఉంచి, ఇంజిన్ అంటుకోకుండా స్టార్టర్‌తో విడతలుగా తిప్పాను. ముల్లు కదిలిన తర్వాతే స్టార్ట్ చేశాను.

చల్లగా 56. వేడిగా 2000 దగ్గర 42. వేడిగా ఐడ్లింగ్‌లో 20.

మీ అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఒక ప్రశ్న మిగిలింది. డ్యాష్‌బోర్డు మీది పాత గేజ్ బండితో పాటు వచ్చిన అసలు గేజ్. తీసేయాలని లేదు. అది తక్కువ చూపించినా దాన్నే ఉంచుకోవచ్చా?

#23 డీజిల్_మేస్త్రి

ఉంచుకోండి. బ్లాక్ దగ్గర టీ జాయింట్ వేసి, ఒక దారిలో పాత గేజ్‌కు, ఇంకో దారిలో పరీక్షించిన గేజ్‌కు పైపు ఇవ్వండి. కొత్త గేజ్ బానెట్ కింద కనిపించకుండా ఉన్నా ఫర్వాలేదు. పాత గేజ్‌కు వెళ్లే రాగి పైపును విప్పి గాలితో ఊది మళ్లీ బిగించండి, తేడా కొంత అక్కడే పోవచ్చు. పైపుకు ఇంజిన్ దగ్గర ఒక చుట్టు వదులుగా ఉంచండి, లేకపోతే అదురుకు మొదట్లోనే పగిలి ఆయిల్ అంతా బయటికి చిమ్ముతుంది.

కొత్త షెల్స్ కాబట్టి మొదట్లో తేలిక పనే చేయించండి. ఐడ్లింగ్‌లో గంటల తరబడి వదలొద్దు, పూర్తి లోడూ వద్దు. పదిహేను, ఇరవై గంటల పని తర్వాత ఈ ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడండి. అందులో కొంచెం మెరుపు ఉండడం సహజం, రాగి రంగు మాత్రం కనిపించకూడదు. ఫోటో పెడితే చూసి చెబుతాం.